దిగులు గీసేవాళ్ళు

మా ఎదురింటి పిల్ల సుద్దముక్కతో మెట్ల దగ్గర గచ్చు మీద ఒక బొమ్మ వేసింది. పెద్ద బొమ్మేం కాదు. ఒక సున్నా, అందులో రెండు చుక్కలు, కింద వంకరగా ఒక గీత. చుక్కల్లో ఒకటి కాస్త కిందికి జారింది. మర్నాడు పొద్దున మెట్లు కడిగే ఆవిడ వచ్చి గచ్చంతా నీళ్ళు కొట్టి చీపురుతో తోసింది గానీ, ఆ బొమ్మ ఉన్న జానెడు చోటు మాత్రం వదిలేసింది. తడి దాని మీదికి పాకకుండా వంగి చుట్టూ గుడ్డతో ఒత్తింది కూడా. అదీ కడిగేస్తే పోయేది కదా అన్నాను. "కడగబుద్ధి కాలేదమ్మా, దిగులుగా చూస్తా ఉంది" అని బకెట్టు తీసుకుని పై అంతస్తుకి వెళ్ళిపోయింది. ఆవిడ మళ్ళీ దాన్ని తలుచుకుని ఉండదు. నన్ను మాత్రం ఆ మాట వదల్లేదు. దిగులు ఎక్కడుంది? సుద్దలో ఉందా, జారిన ఆ చుక్కలో ఉందా? ఆ పిల్లకి దిగులుముఖం వేద్దామన్న ఊహే వచ్చి ఉండదు, చెయ్యి కాస్త పక్కకి పోయింది, అంతే. మరి చీపురు పట్టిన చేతిని ఆపింది ఎవరు? రోజూ పేపరు తెరిచి ఎక్కడెక్కడో పోయిన ప్రాణాల లెక్క చదివి పేజీ తిప్పేస్తాను. అలాంటి నేను, ఎప్పుడూ బతకని, నెత్తురూ ఎముకా లేని ఒక జపాను బొమ్మపిల్ల ఆకలితో చిక్కిపోతుంటే చూడలేక లేచి వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. ఈ రెండూ ఒకే మనసు చేసే పనులేనా?

బొమ్మల సినిమా పుట్టిన కొత్తల్లోనే ఈ సంగతి తెలిసినవాడు ఒకడున్నాడు. 1914లో విన్సర్ మెకే అనే అమెరికా పత్రికా చిత్రకారుడు గెర్టీ అనే రాక్షసబల్లిని గీసి రంగస్థలాల మీద ఆడించాడు. తను తెర పక్కన కొరడా పట్టుకుని నిలబడేవాడు. కాలెత్తమంటే గెర్టీ ఎత్తేది, ఒక్కోసారి మొరాయించేది, ఆయన కసిరితే ఏడ్చేది. గెర్టీతో పాటు వెనకున్న కొండలూ నీళ్ళూ కూడా వేల కాగితాల మీద ప్రతిసారీ మళ్ళీ గీయాల్సి వచ్చింది, ఆ వెనకబొమ్మ గీసే పని ఒక కుర్రాడు చేశాడు. అంత శ్రమపడి కదలడం నేర్పిన జంతువుతో ఆయన చేయించిన కాసిని పనుల్లో ఏడుపు ఒకటి. గెంతించి ఊరుకుంటే సరిపోయేది కదా, ఏడిపించాలని ఎందుకు తోచింది? గెంతితే బొమ్మ భలే ఉందంటారు, ఏడిస్తే అయ్యో అంటారు. ఆ అయ్యో కావాల్సి వచ్చిందేమో ఆయనకి. ఆ తరవాత చాలా ఏళ్ళు బొమ్మల సినిమా అంటే పడటం, లేవడం, నెత్తి మీద సుత్తి దెబ్బ, నవ్వు. 1937లో వాల్ట్ డిస్నీ ఎనభై నిమిషాలకు పైగా నడిచే 'స్నో వైట్' తీస్తుంటే, అంతసేపు బొమ్మల్ని చూస్తూ ఎవరు కూర్చుంటారని హాలీవుడ్‌లో దాన్ని డిస్నీ పిచ్చిపని అన్నారు. డిసెంబరు 21న లాస్ ఏంజెలెస్‌లో కార్తే సర్కిల్ థియేటర్‌లో మొదటి ఆట పడినప్పుడు, పాడె మీద పడుకున్న స్నో వైట్ చుట్టూ మరుగుజ్జులు నిలబడ్డ చోట హాల్లో ఉన్న పెద్ద పెద్ద తారలే కళ్ళు తుడుచుకున్నారని చెప్పుకుంటారు. ఆ సన్నివేశంలో మరుగుజ్జుల్ని గీసింది ఫ్రాంక్ థామస్. దాన్ని మళ్ళీ మళ్ళీ చూశాను. మరుగుజ్జులు దాదాపు ఏమీ చెయ్యరు. అప్పటిదాకా తడబడుతూ, తుమ్ముతూ, గోల చేసినవాళ్ళంతా తలలు వంచి నిలబడిపోతారు. ఎప్పుడూ సణుక్కుంటూ ఆ పిల్లని మొదట వద్దన్న గ్రంపీ ముఖం దాచేసుకుంటాడు. కదిలించడమే పనిగా పెట్టుకున్న కళలో, గుండె పట్టుకునే ఆ మొదటి పెద్ద ఘట్టం కదలిక తగ్గించడం వల్ల వచ్చింది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, నా సందేహమంతా దాని చుట్టూనే తిరుగుతోంది కాబట్టి. తెర మీద సెకనుకి 24 ఫ్రేములు పోతాయి. చేత్తో గీసే సినిమాల్లో ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలపడం మామూలు, అంటే సెకనుకి 12 బొమ్మలు. ఒక కన్నీటిబొట్టు కంటికొసన నిండి, క్షణం ఆగి, చెంప మీదుగా జారి గడ్డం దగ్గర రాలడానికి మూడు సెకన్లు పట్టిందనుకుంటే 36 బొమ్మలు. నటి అయితే ఏదో ఒకటి తలుచుకుని, గొంతు పూడుకుపోయి, కెమెరా ముందు ఏడ్చేసి ఇంటికి వెళ్ళచ్చు. యానిమేటర్ సోమవారం మొదలుపెట్టిన ఏడుపుని బుధవారం దాకా ఆరిపోకుండా మొయ్యాలి. మధ్యలో అన్నం తినాలి, కరెంటు బిల్లు కట్టాలి, పక్క సీటువాడి పుట్టినరోజుకి చప్పట్లు కొట్టాలి, మళ్ళీ వచ్చి కూర్చుని పదిహేడో బొమ్మలో రెప్ప ఎంత వాలాలో చూడాలి. నాట్యశాస్త్రంలో భరతుడు కన్నీరు, చెమట, వణుకు, గగుర్పాటు, గొంతు మారడం లాంటి ఎనిమిదింటిని సాత్త్వికభావాలన్నాడు. అవి చేతులూ కనుబొమలూ తిప్పితే వచ్చేవి కావని, మనసు ఒక్కచోట నిలిచినప్పుడే పుడతాయని చెప్పాడు. మరి బొమ్మకి మనసు లేదే, నిలవడానికి? గీసేవాళ్ళ మనసు అందామంటే, ఆ పని చేసేటప్పుడు వాళ్ళ కళ్ళు పొడిగా ఉండాలి, లేకపోతే గీత ఆనదు. చాలామంది యానిమేటర్లు బల్ల మీద అద్దం పెట్టుకుంటారు. ఏడుపుముఖం పెట్టి, అందులో పెదవి ఏ మూల ముందు వణికిందో చూసుకుని, వెంటనే ఆ ముఖం తీసేసి గీస్తారు. అంటే కన్నీరు బొమ్మలో పుట్టలేదు, గీసే మనిషిలోనూ పుట్టలేదు. మరెక్కడ పుట్టింది అని వెతుక్కుంటూ వస్తే చీకట్లో కూర్చున్న మన దగ్గరికే వచ్చి ఆగుతుంది. బొమ్మకి లేని ఒళ్ళు మనం అప్పిస్తున్నాం. గొంతు అడ్డుపడేది మనకి, తడిసేది మన చెంప. ఇది నిజమైతే, ఏడిపించే బొమ్మల సినిమా తీసేవాళ్ళు తెలుసుకోవలసిన మొదటి విద్య ఎంత గీయాలన్నది కాదేమో, ఎక్కడ గీయడం ఆపితే ఎదుటి మనిషి వచ్చి కూర్చోడానికి చోటుంటుందన్నదేమో.

ఈ ఆలోచన నాకు సినిమాల వల్ల రాలేదు. అనంతపురం పల్లెల్లో పుట్టినవాళ్ళకి తోలుబొమ్మలాట వల్ల వస్తుంది. తెల్లటి తెర వెనక బల్బు, తెర మీద ఒకవైపుకే తిరిగి ఉన్న సీత ముఖం, చేరడేసి కన్ను. మేకతోలు గీకి, పల్చగా చేసి, చిల్లులు కొట్టి, రంగులద్దిన ఆ ముఖంలో ఒకే భావం ఉంటుంది. మిథిలలో పెళ్ళికూతురైనా అదే ముఖం, లంకలో చెట్టు కింద కూర్చున్నా అదే ముఖం. అశోకవనం ఘట్టంలో ఆటగాడికి రెండు చేతులూ హనుమంతుడికే సరిపోతాయి, అందుకని సీతని ఒక ఈతముల్లుతో తెరకి గుచ్చేసేవాడు. హనుమంతుడు కొమ్మల మీద గెంతుతుంటే, కాళ్ళ కింద చెక్కలు టకటకా మోగుతుంటే, సీత మాత్రం అలాగే ఉండేది. మా జేజి కొంగు అక్కడే కళ్ళకి పోయేది. సీత మాట్లాడినప్పుడు కాదు, విలపించినప్పుడూ కాదు, అంత సందడి మధ్య ఆ బొమ్మ ఊరికే ఉన్నప్పుడు. జేజి చిన్ననాటి ఆటల్లో ఆముదం దీపాలుండేవట. దీపం రెపరెపలాడితే సీత ఊపిరి తీసినట్టు ఉండేదని, బల్బు వచ్చాక ఆ ఊపిరి పోయిందని చెప్పేది. ఊపిరి పోయినా ఏడవడం మానలేదు మరి. ఆ వెంటనే బంగారక్క, కేతిగాడు తెర మీదికి ఊడిపడి మోటు హాస్యంతో ఊరంతటినీ నవ్వించేవాళ్ళు. అంత ఏడుపు పక్కన అంత నవ్వు ఎందుకని అప్పట్లో నాకు చిరాకు. ఇప్పుడు ఆలోచిస్తే, తెల్లవార్లూ నడిచే కథలో మనిషి ఎంతసేపు ఏడవగలడో ఆ ఆటగాళ్ళకి తెలుసు. ఏడుపుకి దమ్ము తీసుకునే వేళ ఇచ్చేవాళ్ళు.

నన్ను వంటింట్లోకి పంపిన సినిమా సంగతి. జిబ్లీ స్టూడియో తీయగా 1988 ఏప్రిల్‌లో జపాన్‌లో విడుదలైన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్', దర్శకుడు ఇసావో తకాహాతా. అకియుకి నోసాకా 1967లో రాసిన కథ దానికి ఆధారం. 1945లో కోబె నగరం మీద విమానాలు నిప్పుబాంబులు కురిపించాక తల్లి పోయిన సెయితా, నాలుగేళ్ళ చెల్లెలు సెత్సుకో ఎలా బతకాలని చూశారు, ఎలా బతకలేకపోయారు అన్నదే కథ. నోసాకా చెల్లెలు ఆ రోజుల్లోనే తిండి లేక పోయింది, ఆ కుమిలింపులోంచి ఆయన రాశాడు. తకాహాతా కూడా తొమ్మిదేళ్ళప్పుడు ఒకయామా తగలబడుతుంటే పరుగెత్తినవాడు. విచిత్రమేమంటే ఆయన స్వయంగా బొమ్మలు గీసే మనిషి కాదు. గీసేవాళ్ళ పక్కన కూర్చుని, ఎక్కడ ఎంతసేపు ఆగాలో చెప్పిన మనిషి. ఈ సినిమాలో మనుషుల చుట్టూ గీతలు నల్లగా ఉండవు, ఎక్కువగా గోధుమరంగులో ఉంటాయి. ముఖానికీ వెనకున్న లోకానికీ మధ్య గట్టు తెగ్గొట్టినట్టు లేకుండా మెత్తబడింది. సెత్సుకో గొంతు నిజంగానే అయిదేళ్ళ పిల్లది. కథ చివర ఏమవుతుందో అన్న ఆరాటం కూడా పెట్టుకోలేదు ఆయన. సెయితా రైల్వే స్టేషన్లో స్తంభానికి ఆనుకుని చనిపోవడంతోనే మొదలుపెట్టాడు. అన్నీ ముందే చెప్పేశాక ఇంక మనకి చూడటానికి ఏం మిగులుతుంది? ఆ పిల్ల ఎలా కూర్చుంటుంది, మిఠాయిబిళ్ళల డబ్బా ఎలా ఊపుతుంది, మట్టితో చేసిన అన్నంముద్దలు ఎలా వడ్డిస్తుంది, అవి మిగులుతాయి.

అందులో ఒక ఘట్టం గురించి మాత్రం నెమ్మదిగా చెప్పాలని ఉంది. బాంబుల తరవాత గాయపడినవాళ్ళని ఒక బడిలో పడుకోబెడతారు. సెయితా తల్లిని చూసి వస్తాడు, ఒళ్ళంతా కట్లు, కట్ల మీద నెత్తురు. చెల్లెలికి చెప్పలేడు. ఆ పిల్ల అమ్మ దగ్గరికి వెళ్దామంటుంది. రేపు వెళ్దామంటాడు. ఆ పిల్ల బడి ఆవరణలో గొంతుకూర్చుని ఏడవడం మొదలుపెడుతుంది. అన్న దగ్గరికి వెళ్ళి ఎత్తుకోడు, కన్నీళ్ళు తుడవడు. అక్కడున్న ఇనుప కమ్మీ దగ్గరికి వెళ్ళి, చూడు నాకిది ఎంత బాగా వచ్చో అని పట్టుకుని గిర్రున తిరుగుతాడు, మళ్ళీ తిరుగుతాడు, మళ్ళీ. పిల్ల తలెత్తదు. మనం దూరం నుంచి చూస్తాం. ఎంత ఆవరణ, ఎంత ఖాళీ, అందులో ఒక కుర్రాడు కమ్మీ మీద తిరుగుతుంటాడు, ఒక చిన్న వీపు వణుకుతుంటుంది. ఇద్దరి ముఖాలూ మనకి ఇవ్వడు తకాహాతా. ఏడవాల్సిన కుర్రాడు సర్కసు చేస్తుంటే ఆ ఏడుపు ఎక్కడికి పోవాలి? మన దగ్గరికి వస్తుంది. ఇదే చోట ఆ కుర్రాడి కళ్ళు పెద్దవి చేసి, నీళ్ళు నింపి, వయొలిన్ మోగించి ఉంటే నేను జాలిపడి ఊరుకునేదాన్ననుకుంటాను. పద్నాలుగేళ్ళ పిల్లవాడి దగ్గర చెల్లెల్ని ఓదార్చడానికి ఉన్న ఒకే ఒక్క విద్య అది అని తెలిసినప్పుడు కలిగింది జాలి కాదు.

ఇదే కథని మనుషులతో తీస్తే? తీశారు కూడా. కానీ నా మటుకు నాకు బొమ్మ దగ్గరే ఒక నిజం తోస్తుంది. తెర మీద నటి చనిపోతే, ఎంత ఏడ్చినా, లోపల ఏదో మూల ఆవిడ లేచి ముఖం కడుక్కుని ఇంటికి వెళ్తుందని తెలుసు. సెత్సుకోకి వెళ్ళడానికి ఇల్లు లేదు. ఆ సినిమా తప్ప ఆ పిల్లకి వేరే బతుకు లేదు, అందుకని ఆ సినిమాలో పోతే పూర్తిగానే పోతుంది. ఇలా అనుకుని చాలాకాలం నెమ్మదిగా ఉన్నాను గానీ, మా తెలుగువాళ్ళే నా మాటకి అడ్డొస్తారు. 1963లో వచ్చిన లవకుశ చూసిన ఆడవాళ్ళు అంజలీదేవి ఎదురైతే కాళ్ళకి మొక్కారు. రామారావు రాముడైతే ఇంక రాముడే. ఆ నటులకి ఇల్లూ వాకిలీ లేవా? ఉన్నాయి, అయినా మనం వాళ్ళని ఆ కథలోంచి బయటికి రానివ్వలేదు. ఇందుకు సరిగ్గా ఎదురుగా యుగో సాకో ఉన్నాడు. ఈ జపాను దర్శకుడు 1983లో పురాతత్త్వవేత్త బి.బి. లాల్ తవ్వకాల మీద డాక్యుమెంటరీ కోసం మన దేశం వచ్చి రామాయణం విన్నాడు. రాముడు దేవుడు కాబట్టి నటుడితో కాక బొమ్మలతో చూపించడమే సరైనదని పట్టుబట్టి, రామ్ మోహన్, కొయిచి ససాకిలతో కలిసి 'ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' తీశాడు. 2025 జనవరిలో అది తెలుగులో కూడా థియేటర్లకు వచ్చింది. ఇద్దరిలో ఎవరిది సరి? నాకు తేలలేదు. నటుడి విషయంలో మనం అతని రెండో బతుకుని మన ప్రేమతో కప్పెయ్యాలి. బొమ్మ విషయంలో ఉన్నదే ఒక్క బతుకు, అది కూడా మనం చూస్తున్నంతసేపే. రెండు చోట్లా ఇవ్వాల్సింది మనమే. బొమ్మ ఇంకాస్త ఎక్కువ అడుగుతుంది, అంతే తేడా అని ఒక్కోసారి అనిపిస్తుంది.

ఇంకో సందేహం ఇంతకంటే బరువైంది. కన్నీళ్ళు తెప్పించడం అంత గొప్ప పనా? ఉల్లిపాయ కూడా తెప్పిస్తుంది. ఒక ముసలి కుక్క, ఒక పియానో, మెల్లగా దూరమయ్యే కెమెరా ఉంటే నన్ను ఎవరైనా ఏడిపించగలరు, ఏడ్చాక నాకు కోపం కూడా వస్తుంది. 2009లో పిక్సార్ నుంచి వచ్చిన 'అప్'లో కార్ల్, ఎల్లీల కాపురం నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. దాన్ని లెక్కవేసి ఏడిపించారని కొందరు తప్పుపడతారు. లెక్క ఉంది, ఎందుకు లేదు? ఎక్కడెక్కడికో వెళ్దామని దాచుకున్న చిల్లర సీసా, ఒకసారి కారు టైరు కోసం పగులుతుంది, ఒకసారి విరిగిన కాలు కోసం, ఒకసారి ఇంటి మీద పడ్డ చెట్టు కోసం. ఏ కాపురంలో పగల్లేదు ఆ సీసా? మా ఇంట్లో పోపులడబ్బా ఎన్నిసార్లు ఖాళీ అయిందో నాకు తెలుసు. బిడ్డ పుట్టదని తెలిసే చోట మనం గది బయటి నుంచి తెరిచిన తలుపులోంచి చూస్తాం, ఒక్క మాట వినబడదు. మొదట ఆ ఘట్టానికి మాటలూ చప్పుళ్ళూ కూడా అనుకుని, తరవాత దర్శకుడు పీట్ డాక్టర్ బృందం అవన్నీ తీసేసింది. మైకేల్ జియాకీనో సంగీతం ఒక్కటి మిగిలింది, అది కూడా ఒకే చిన్న బాణీ, పెళ్ళినాడు గెంతింది, చివరికి ఒంటి పియానోగా మిగిలింది. నా చేతిలోంచి లాక్కునే కన్నీళ్ళకీ నేనే ఇచ్చే కన్నీళ్ళకీ తేడా ఇక్కడ పట్టుకోవచ్చు అనుకుంటాను. లాక్కునేవాళ్ళు సంగీతం పెంచి నాకు ఆలోచించే వేళ లేకుండా చేస్తారు. వీళ్ళు మాట తీసేసి, నా ఇంటి సీసా తెచ్చుకునే వేళ ఇచ్చారు.

భవభూతికి ఇది ఎనిమిదో శతాబ్దంలోనే తెలుసు. ఉత్తరరామచరితం మొదటి అంకంలో లక్ష్మణుడు వనవాసం కథంతా గీయించిన చిత్రాలు అన్నావదినలకి చూపిస్తాడు. శూర్పణఖ బొమ్మ చూసి సీత ఉలిక్కిపడుతుంది, అది బొమ్మేనని రాముడు ధైర్యం చెబుతాడు. జనస్థానం దగ్గరికి వచ్చేసరికి ధైర్యం చెప్పినవాడి కళ్ళే నిండుతాయి. ఆ కష్టమంతా వాళ్ళు నిజంగా పడ్డారు, పడి గెలిచి ఇంటికొచ్చారు. అయినా బొమ్మల్లో చూస్తే మళ్ళీ పచ్చిదైంది. అడవిలో ఉన్నప్పుడు ఏడవడానికి రాముడికి తీరిక ఎక్కడిది, వెతకాలి, వంతెన కట్టాలి, యుద్ధం చెయ్యాలి. బొమ్మ ముందు నిలబడితే చెయ్యాల్సింది ఏమీ లేదు, చూడటం తప్ప. పేపరు చదివి పేజీ తిప్పేసే నాకు ఇక్కడ కాస్త జవాబు దొరికింది. వార్త నన్ను ఏదో చెయ్యమంటుంది, చెయ్యలేనని తెలిసి మనసు తలుపు వేసుకుంటుంది. బొమ్మ నన్నేమీ చెయ్యమనదు. కూర్చోమంటుంది. తలుపు తెరిచి ఉంచడానికి అది చాలు. అయితే ఆ తెరిచిన తలుపులోంచి ఆ పేపరులోని పిల్లలు కూడా ఎప్పటికైనా లోపలికి వస్తారా? వస్తారనే నమ్మాలని ఉంది.

మా అన్న కూతురు హైదరాబాదులో ఒక స్టూడియోలో యానిమేటర్. ఈ నగరంలో విదేశాల సీరియళ్ళకి బొమ్మలాడించే పని ఏళ్ళ తరబడి నడుస్తోంది. 2008 నుంచి దేశమంతా పిల్లలు చూస్తున్న ఛోటా భీమ్ కూడా ఇక్కడిదే. 2025లో 'మహావతార్ నరసింహ' వచ్చినప్పుడు తెలుగు థియేటర్లలో పెద్దవాళ్ళే బారులు తీరారు. స్తంభం పగిలిన చోట హాలు దద్దరిల్లింది, నాకూ ఒళ్ళు గగుర్పొడిచింది. అయినా అంత ఉగ్రం పక్కన ఆ ప్రహ్లాదుడి ఊరుకోవడం దగ్గర ఇంకాస్తసేపు ఉంటే బాగుండునని మనసు పీకింది. మన చేతుల్లో పనితనం ఉంది, యంత్రాలున్నాయి, డబ్బు కూడా వస్తోంది. నిదానం ఒక్కటే ఎవరూ ధైర్యంగా పెట్టడం లేదనిపిస్తుంది. ఒకరోజు మా పిల్ల నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక అవ్వ ముఖం చూపించింది. "అత్తా, ఇప్పుడు చూడు" అని ఆడించింది. అవ్వ తలెత్తి చూసింది, రెప్ప వేసింది. మళ్ళీ ఏదో మార్చి ఆడించింది. ఈసారి అవ్వ రెప్ప వేసి, ఆ తరవాత తలెత్తింది. ఏం మారిందో చెప్పలేను గానీ మొదటి అవ్వ ఎవరో పిలిస్తే చూసింది, రెండో అవ్వ ఏదో మనసులో తేల్చుకుని చూసింది. మారింది రెప్ప వేసే వేళ ఒక్కటేనట. కంప్యూటర్ బొమ్మని పూర్తిగా ఆపేస్తే చచ్చిపోతుందని, అందుకని ఆగినట్టుండే చోట కూడా భుజంలో, మెడలో కనబడీ కనబడని కదలిక పెడతామని, దాన్ని మూవింగ్ హోల్డ్ అంటారని చెప్పింది. జేజి చెప్పిన ఆముదం దీపం ఊపిరి ఇదే కదా అని నేనంటే ఒక నిమిషం పని ఆపి నా వంక చూసింది.

ఆ పిల్ల స్టూడియో పని అయ్యాక రాత్రిళ్ళు సొంతంగా ఒక చిన్న సినిమా గీస్తోంది, కంప్యూటర్ తెర మీదే కానీ చేత్తో, బొమ్మ తరవాత బొమ్మ. భర్త పోయిన ముసలామె దండెం మీద ఆరిన అతని పంచె తీసి మడతపెడుతుంది. అంతే కథ. మొదట వేసుకున్న స్టోరీబోర్డులో చివర పంచె మీద ఒక కన్నీటిబొట్టు పడుతుంది. అది తనకే నచ్చలేదు, ఎందుకు నచ్చలేదో తెలియలేదు. నన్ను పంచె మడతపెట్టమని ఫోన్‌లో వీడియో తీసుకుంది. తరవాత ఆ వీడియోని ఒక్కో ఫ్రేమూ నడిపిస్తూ నా చేతులు నాకే చూపించింది. అంచుకి అంచు కలిపి, నాలుగు మడతలు వేసి, పెట్టె వైపు తిరగబోయే ముందు నా అరచెయ్యి ఒకసారి పంచెని నిమిరింది. ముడత ఏమీ లేదక్కడ. నేను అలా చేస్తానని నాకు తెలియదు. కన్నీటిబొట్టు తీసేసి ఆ నిమరడం పెట్టింది. ముసలామె ముఖం కూడా తీసేసింది, చేతులు, పంచె, దండెం మీద ఖాళీ. స్నేహితులు ఆ నిమిరే చోట సంగీతం పెడితే బాగా పండుతుందన్నారట, నిమరడం ఎక్కువసేపైంది, కొంత కోసెయ్యమన్నారట. రెండూ వద్దని నేను గట్టిగా చెప్పాను. తనూ అదే అనుకుంటున్నా నిద్రపట్టడం లేదంది. అంతలేసి రాత్రులు గీసిన నాలుగు సెకన్లు ఎవరికీ ఏమీ అనిపించకుండా పోతే ఎలా అన్న భయం దానిది. ఆ భయం లేనివాళ్ళు ఈ పని చెయ్యకూడదేమో కూడా.

పండక్కి ఊరెళ్ళినప్పుడు లాప్‌టాప్‌లో మా అన్నకి చూపించింది. రంగులు ఇంకా పూర్తి కాలేదు, సంగీతం లేదు. వదిన మాట్లాడలేదు. అన్న మొత్తం చూసి, "ఏముందే ఇందులో, పంచె మడిచింది, అంతే కదా" అని, లేవబోయి మళ్ళీ కూర్చుని, "ఇంకోతూరి పెట్టు" అన్నాడు. రెండోసారి చూస్తున్నంతసేపూ తెరకి బాగా దగ్గరగా వంగి చూశాడు. అయిపోగానే కూతురి మీద కోప్పడ్డాడు. "మీ తాత పంచెకి ఎర్రంచు ఉండె. నువ్వు పచ్చంచు పెట్టినావేం?" ఇది తాత కథ అని ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు, ఆ పిల్ల పుట్టేసరికి తాత లేడు కూడా. పెన్ను తీసి అంచు ఎంత వెడల్పు నాన్నా అని అడిగింది. బొటనవేలంత అన్నాడు అన్న. కాదు, రెండు వేళ్ళు అన్నాను నేను, పండగల పంచెకి రెండు వేళ్ళు, రోజూ కట్టుకునేదానికి సన్నంచు. దండెం మీద ఉన్నది ఏ పంచె అని అన్న నన్నడిగాడు.